ఒక్క పొరపాటు ఎంత దూరం పాకుతుంది?

చిన్న వ్యాపార సంస్థల కంప్యూటర్లను చూసుకోవడం నా వృత్తి. నలుగురైదుగురు పనిచేసే కార్యాలయం మొదలుకొని ముప్పై మంది ఉండే సంస్థ వరకు, కంప్యూటర్ల కోసం ప్రత్యేక విభాగమంటూ లేని చోట్ల నా పని ఉంటుంది. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఫోన్లలో మరచిపోలేనిది ఒకటుంది. ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగిని ఉదయాన్నే ఈమెయిల్‌లో వచ్చిన ఒక బిల్లును తెరిచారు. అది బిల్లు కాదు. మధ్యాహ్నానికి ఆమె కంప్యూటర్‌లోని ఫైళ్లు, ఆఫీసులో అందరూ వాడుకునే ఉమ్మడి ఫోల్డర్‌లోని ఫైళ్లు, బ్యాకప్ కోసం అదే కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్‌లోని నకళ్లు, ఏవీ తెరుచుకోకుండా పోయాయి. డబ్బు చెల్లిస్తేనే తాళం తీస్తామనే సందేశం ఒక్కటే తెరపై మిగిలింది. ఏడేళ్ల లెక్కలు, ఖాతాదారుల వివరాలు, రావలసిన బకాయిల జాబితా ఒక్క పూటలో చేజారాయి.

నేను వెళ్లేసరికి యజమాని ఆమెను నిందిస్తున్నారు, ఆమె తలవంచుకుని కూర్చున్నారు. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రోజంతా బిల్లులు తెరవడమే ఆమె ఉద్యోగం. వందల బిల్లుల మధ్య వచ్చిన నకిలీని ప్రతిసారీ పసిగట్టి తీరాలని ఆమెను కోరడం న్యాయం కాదు. ఆమె తెరిచిన ఫైలుతో నష్టం మొదలైన మాట నిజమే గాని, అది అంత దూరం పాకడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఆ కంప్యూటర్‌లో రోజువారీ పని కూడా, కంప్యూటర్‌లో ఏ మార్పైనా చేయగల అడ్మిన్ ఖాతాతోనే జరిగేది, ఉమ్మడి ఫోల్డర్‌లోని ప్రతి ఫైలునూ మార్చే అధికారం అందరికీ ఉండేది, బ్యాకప్ డిస్క్‌ను తీసి విడిగా దాచే అలవాటు ఎవరికీ లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆమె తీసుకున్న నిర్ణయం కాదు.

అప్పటినుంచి ఏ సంస్థకు వెళ్లినా, ఏ యాంటీవైరస్ వాడుతున్నారన్న విషయం తరువాత అడుగుతాను. ఇక్కడ పనిచేసేవారిలో ఎవరో ఒకరు, ఒక మామూలు రోజున, అలసటలోనో తొందరలోనో ఒక్క తప్పు చేస్తే అది ఎంతవరకు పోతుంది అని ముందుగా అడుగుతాను. తప్పు జరగకుండా చూసుకోవలసిందే. అయినా ఏదో ఒక రోజు జరుగుతుంది. జరిగిన రోజున అది ఒక గదిలోనే ఆగిపోతుందా, ఇల్లంతా అంటుకుంటుందా అన్నది అంతకు ఎన్నో నెలల ముందు యజమాని చేసిన ఏర్పాట్లను బట్టి తేలుతుంది. నేను ఇక్కడ రాస్తున్న అలవాట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న నుంచే వచ్చాయి.

మాది చిన్న సంస్థ, మా దగ్గర ఏముందని ఎవరైనా వస్తారు అనే మాట నాకు తరచుగా వినిపిస్తుంది. చాలా దాడుల్లో ఎవరూ మనల్ని ఎంచుకుని రారు. ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతటా తిరుగుతూ తెరిచి ఉన్న ప్రతి తలుపునూ తోసి చూస్తాయి. ఎంచుకుని వచ్చేవారికి కూడా చిన్న సంస్థ పనికివస్తుంది. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ నుంచి 2013 చివర్లో దాదాపు 4 కోట్ల చెల్లింపు కార్డుల వివరాలు దొంగిలించినవారు, ఆ సంస్థకు శీతలీకరణ పనులు చేసిపెట్టే ఒక చిన్న కాంట్రాక్టరు లాగిన్ వివరాలను ముందుగా సంపాదించి, ఆ దారినే లోపలికి అడుగుపెట్టారు.

అన్నిటికంటే ముందు బ్యాకప్ గురించి రాయాలి, ఎందుకంటే మిగిలిన అలవాట్లన్నీ విఫలమైనా వ్యాపారాన్ని నిలబెట్టగలిగేది అదొక్కటే. ఇందులో ఎక్కువ మంది గ్రహించని విషయం ఒకటుంది: అసలును చెరిపే అధికారం ఉన్న చెయ్యి నకలును కూడా చెరపగలిగితే, ఆ నకలును బ్యాకప్‌గా లెక్కించకూడదు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ మూతపడిన తీరు దీనికి నిదర్శనం. ప్రోగ్రామర్లు రాసుకున్న సోర్స్‌కోడ్‌ను భద్రపరచి ఇవ్వడమే దాని వ్యాపారం. దాడి చేసిన వ్యక్తి మొదట దాని సర్వర్లను కృత్రిమమైన రద్దీతో స్తంభింపజేసి డబ్బు అడిగాడు. ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే అమెజాన్ క్లౌడ్‌లోని తమ నియంత్రణ ప్యానెల్‌లోకి కూడా అతడు చొరబడ్డాడని గ్రహించి సంస్థవారు పాస్‌వర్డ్‌లు మారుస్తుండగానే, ముందుగా సృష్టించి పెట్టుకున్న వేరే లాగిన్‌లతో వచ్చి సమాచారాన్నీ, బ్యాకప్‌లలో అధిక భాగాన్నీ చెరిపేశాడు. వేరే చోట ఉంచామనుకున్న నకళ్లు కూడా అదే ప్యానెల్ కిందే ఉండడంతో అవీ పోయాయి. ఆ తరువాత సంస్థ కోలుకోలేదు.

మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి వేరే చోట అనే సూత్రం ఈ రంగంలో అందరికీ తెలిసినదే. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ దీనికి ప్రచారం కల్పించారు. తీసిన ఫొటోలే జీవనాధారమైన వ్యక్తి నుంచి ఈ సూత్రం రావడం నాకు సబబుగా తోస్తుంది. చిన్న సంస్థకు దీన్ని ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. రెండు హార్డ్‌డిస్క్‌లు తీసుకుని వారం మార్చి వారం వాడాలి; బ్యాకప్ పూర్తికాగానే తీగ తీసేసి డిస్క్‌ను బీరువాలోనో, వీలైతే మరో భవనంలోనో ఉంచాలి; దానితోపాటు క్లౌడ్‌లో ఒక నకలు ఉంటే, ఆ ఖాతాకు రోజూ వాడని వేరే లాగిన్, వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సమన్వయం చేసే సౌకర్యాన్నే బ్యాకప్ అనుకోవడం ప్రమాదకరం. ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైనది అక్కడా పాడవుతుంది. పాత రూపాలను ఎన్ని రోజులు దాచి ఉంచుతారో ముందే చూసుకున్నవారికి మాత్రమే అది కొంత ఆసరా.

తీగ తీసి ఉంచడం విలువ ఎంతటిదో ఒక పెద్ద సంస్థ అనుభవం చెబుతుంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (కంప్యూటర్లకు హాని చేసే ప్రోగ్రాము) ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల ద్వారా బయలుదేరి, నౌకా రవాణా సంస్థ మెర్స్క్ కంప్యూటర్లను ప్రపంచమంతటా స్తంభింపజేసింది. ఎవరికి ఏ కంప్యూటర్‌లో ప్రవేశం ఉందో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లనే సర్వర్లు ఒకదానినుంచి ఒకటి నకలు తీసుకునేలా ఏర్పాటు చేయడం వల్ల అన్నీ ఒకేసారి నాశనమయ్యాయి. ఘానాలోని కార్యాలయంలో ఒక్క సర్వర్ మాత్రం దాడి సమయానికి కరెంటు పోయి నెట్‌వర్క్‌కు దూరంగా ఉండడం వల్ల మిగిలింది. దాని ఆధారంగానే మొత్తం వ్యవస్థను తిరిగి నిర్మించుకున్నారు. అంత పెద్ద సంస్థకు కరెంటు పోవడం వల్ల అనుకోకుండా దక్కిన రక్షణను, చిన్న సంస్థ ప్రతి శనివారం సాయంత్రం ఒక తీగ పీకి తానే కల్పించుకోగలదు.

బ్యాకప్ జరుగుతోందని నమ్మడం వేరు, దానినుంచి ఫైలు తిరిగి వస్తుందని చూసి తెలుసుకోవడం వేరు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు, నకలు సర్వర్‌లో పనిచేస్తున్నాననుకుని ప్రధాన డేటాబేస్‌ను చెరిపేశారు. అప్పుడు బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ జరుగుతున్నాయనుకున్నవి సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతున్నాయని, ఆ విఫలతను తెలిపే ఈమెయిళ్లు కూడా చేరడం లేదని బయటపడింది. పరీక్షల కోసం దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు వారిని కాపాడింది. ఆ సంస్థ జరిగినదంతా బహిరంగంగా రాసి, తప్పును ఆ ఇంజినీరు మీదికి నెట్టకుండా ఏర్పాట్లలోని లోపంగా ఒప్పుకోవడం నాకు గౌరవం కలిగించింది. నేను చూసుకునే ప్రతి సంస్థలోనూ నెలకోసారి, ఏదో ఒక ఫైలును బ్యాకప్ నుంచి తీసి మరో కంప్యూటర్‌లో తెరిచి చూసి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాయిస్తాను. పది నిమిషాల పని. ఏడాదికోసారి లెక్కల సాఫ్ట్‌వేర్‌ను సైతం ఖాళీ కంప్యూటర్‌లో కొత్తగా పెట్టి, బ్యాకప్‌తో అది నడుస్తుందో లేదో చూడాలి. దాని లైసెన్సు సంఖ్య ఎక్కడుందో ఎవరికీ తెలియదన్న సంగతి సాధారణంగా ఆ రోజే బయటపడుతుంది.

ఇక తాళాల సంగతి. సంస్థలోని ఈమెయిల్ ఖాతాను నేను తాళాలన్నీ ఉండే పెట్టెగా చూస్తాను, ఎందుకంటే బ్యాంకు తప్ప మిగిలిన దాదాపు అన్ని సేవలూ పాస్‌వర్డ్ మరచిపోయామంటే కొత్తదాన్ని పెట్టుకునే లింకును ఆ చిరునామాకే పంపుతాయి. అందువల్ల అన్నిటికంటే గట్టి పాస్‌వర్డ్, రెండో దశ ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తరువాత అడిగే మరో రుజువు) ముందుగా ఈమెయిల్‌కే ఉండాలి, ఆ తరువాతే మిగిలినవి. ఒక చోట వాడిన పాస్‌వర్డ్‌ను మరో చోట వాడితే ఏమవుతుందో, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచి ఇచ్చే డ్రాప్‌బాక్స్ సంస్థ 2012లో చవిచూసింది. వేరే సైట్ల నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌లలో ఒకటి దాని ఉద్యోగి ఖాతాకూ సరిపోవడంతో, వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలున్న పత్రం పరుల చేతికి చిక్కింది.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలని, అందులో పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరిగా ఉండాలని చాలా కార్యాలయాల్లో ఇప్పటికీ నియమం పెడుతున్నారు. ఈ సలహాకు మూలం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒకప్పుడు ప్రచురించిన పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ తాను చెప్పిన వాటిలో చాలావాటికి విచారిస్తున్నానని 2017లో స్వయంగా చెప్పారు, అదే ఏడాది నిస్ట్ కూడా ఆ నియమాలను వదిలేసింది. గడువు పెట్టి మార్పించడం వల్ల మనుషులు పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకెను పెంచుతూ పోతారు, లేదా తెర అంచున చీటీ అంటిస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను కలిపిన పొడవైన పాస్‌వర్డ్‌ను పెట్టుకుని, అది బయటపడిందన్న అనుమానం కలిగినప్పుడే మార్చడం మేలు. మిగిలిన పదులకొద్దీ పాస్‌వర్డ్‌లను, వాటిని దాచి అవసరమైన చోట తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ అనే ప్రోగ్రాముకు అప్పగించి, దాన్ని తెరిచే ఒక్కదాన్ని మాత్రం మనసులో ఉంచుకుంటే సరిపోతుంది. దీనివల్ల మరో మేలుంది: సైటు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మేనేజర్ పాస్‌వర్డ్‌ను నింపదు. మన కంటికి అందని తేడాను అది పట్టుకుంటుంది గనుక, అది నింపకపోతే అక్కడే ఆగి ఆలోచించమని అందరికీ నేర్పాలి.

రెండో దశ ధ్రువీకరణ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: ఎస్‌ఎంఎస్ ద్వారా వచ్చే కోడ్ అసలేమీ లేకపోవడం కంటే ఎంతో నయం, ఫోన్‌లోనే కోడ్‌ను తయారు చేసే ఆథెంటికేటర్ యాప్ దానికంటే నయం, ఎందుకంటే మన నంబరును మరో సిమ్‌కు మళ్లించుకున్నవారికి అది దొరకదు, సెక్యూరిటీ కీ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) గాని పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచుకునే అలాంటి డిజిటల్ తాళంచెవి) గాని అన్నిటికంటే మేలు, ఎందుకంటే మొదటి రెండింటి కోడ్‌ను నకిలీ పేజీలో మనమే టైపు చేసే ప్రమాదం ఉంటుంది గాని, ఇది నకిలీ సైటుకు జవాబే ఇవ్వదు. ఫోన్ పోతే పనికివచ్చే రికవరీ కోడ్‌లను కాగితంపై ప్రింటు తీసి బీరువాలో పెట్టాలి.

ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా ఆపలేని మోసం ఒకటుంది, చిన్న సంస్థలను ఒక్క దెబ్బతో కూల్చగలిగేది కూడా అదే. సరుకు సరఫరా చేసేవారి పేరుతో, వారి భాషలోనే, నిజమైన లావాదేవీ మధ్యలో, తమ బ్యాంకు ఖాతా మారిందని, ఇకపై కొత్త ఖాతాకు జమ చేయమని ఒక ఈమెయిల్ వస్తుంది. అందులో వైరస్ ఉండదు, అనుమానించదగిన లింకు ఉండదు. కొన్నిసార్లు అది నకిలీ చిరునామా నుంచి కూడా రాదు. సరఫరాదారు ఖాతాలోకే చొరబడి, వారాల తరబడి ఉత్తరాలు చదివి, సమయం చూసి పంపుతారు. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ అనే వ్యక్తి 2013 నుంచి 2015 వరకు ఒక తైవాన్ సరఫరాదారు పేరుతో నకిలీ ఇన్‌వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అతడికి ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అంతటి సంస్థల్లో చెల్లింపులు చూసేవారే నమ్మారంటే, నెలాఖరు ఒత్తిడిలో ఉన్న ఒక గుమాస్తా నమ్మడంలో వింతేముంది?

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. బ్యాంకు ఖాతా వివరాలు మార్చమని ఏ రూపంలో కోరినా, ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరును వదిలి, మన పాత రికార్డుల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, తెలిసిన మనిషితో మాట్లాడాకే మార్చాలి. అటునుంచి వచ్చిన ఫోన్‌ను ధ్రువీకరణగా తీసుకోకూడదు. గొంతులను కూడా అచ్చంగా అనుకరించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు సులువుగా దొరుకుతోంది, కాబట్టి ఫోన్ మనవైపు నుంచే వెళ్లాలి. ఒక పరిమితి దాటిన చెల్లింపుకు ఇద్దరి ఆమోదం ఉండాలి. ఈ నియమం నిలవడం యజమాని మీదే ఆధారపడి ఉంటుంది. యజమాని పేరుతో వచ్చిన అత్యవసర ఆదేశాన్ని సరిచూసుకోవడానికి ఉద్యోగి ఫోన్ చేసినప్పుడు, పనిలో ఉన్నాను, నా మాట మీద నమ్మకం లేదా అని ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ ఉద్యోగి మరోసారి అడగడానికి సాహసించరు. అడిగినవారిని అందరి ముందూ మెచ్చుకున్న సంస్థల్లో ఈ అలవాటు ఏళ్ల తరబడి నిలవడం నేను చూశాను. తప్పు లింకు నొక్కిన వెంటనే చెప్పినవారి విషయంలోనూ అంతే. శిక్షకు భయపడి సాయంత్రం వరకు దాచిన తప్పును సరిదిద్దడం, ఐదు నిమిషాల్లో చెప్పిన తప్పును సరిదిద్దడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

అప్‌డేట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2017 మే 12న మొదలై 150కి పైగా దేశాలను తాకిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే మాల్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ విడుదల చేసింది. దాన్ని ఆ రెండు నెలల్లో పెట్టుకున్న కంప్యూటర్లకు వానాక్రై ఆ దారిన సోకలేకపోయింది. అప్‌డేట్లు ఇవ్వడం ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టక తప్పదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మార్చడానికి వీల్లేని పాత యంత్రం ఏదైనా ఉంటే దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా వాడుకోవాలి. రౌటర్‌తోనూ కెమెరాలతోనూ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను తెచ్చిన రోజునే మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అలాంటి పాస్‌వర్డ్‌ల చిన్న జాబితా ఒక్కటి పట్టుకుని లక్షల పరికరాలను లొంగదీసుకుంది. వచ్చేపోయేవారికి ఇచ్చే వైఫై, లెక్కల కంప్యూటర్లున్న వైఫై వేరువేరుగా ఉండాలి.

ఖాతాదారులు మనల్ని నమ్మి ఇచ్చిన సమాచారం గురించి మాత్రం ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే అది పోతే నష్టపోయేది మనం మాత్రమే కాదు. మన దగ్గర లేని వివరాన్ని మన దగ్గరినుంచి ఎవరూ దొంగిలించలేరు. గుర్తింపు కార్డు చూసి సరిచూసుకుంటే చాలిన చోట దాని ఫొటో తీసి దాచడం, ఎప్పుడో ముగిసిన వ్యవహారాల పత్రాలను అలాగే ఉంచేయడం, ఖాతాదారుల జాబితా మొత్తాన్ని ఉద్యోగులందరి ఫోన్లలోకి పంపడం, ఇవన్నీ ఎవరూ ఆలోచించకుండా జరిగిపోయే పనులు. చట్టప్రకారం ఎన్నేళ్లు ఉంచాలో చూసుకుని, గడువు తీరినవాటిని ఏడాదికోసారి తొలగించడం మంచిది. ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనివారు చదవలేని రూపంలో సమాచారాన్ని ఉంచే ఏర్పాటు) పెట్టుకుంటే, అది పోయినా లోపలి సమాచారం పరుల పాలు కాదు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ అందుకోసమే ఉన్నాయి. పాత కంప్యూటర్‌ను అమ్మేముందు ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు పాత హార్డ్‌డిస్క్‌లు 158 కొని పరిశీలించి 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పనిచేస్తున్న 129లో సక్రమంగా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో వేలకొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. డిస్క్‌ను మొదటినుంచే ఎన్‌క్రిప్షన్‌తో వాడి ఉంటే, వదిలించుకునే రోజున ఈ చింత చాలావరకు తగ్గుతుంది.

ఉద్యోగం మానేసి వెళ్లేవారి విషయంలో చాలా సంస్థలు మొహమాటపడతాయి. చివరి రోజునే వారి ఖాతాలు మూసేయడం, వారికి తెలిసిన ఉమ్మడి పాస్‌వర్డ్‌లు మార్చడం అవమానమేమీ కాదు. ఆ తరువాత ఏదైనా జరిగితే అనుమానం వారి మీదికి పోకుండా ఉండడానికి కూడా అది అవసరమని నేను యజమానులకు చెబుతాను. ఎవరికి ఏ ఖాతాలు ఇచ్చామో మొదటినుంచీ ఒక జాబితా రాసుకుంటేనే ఆ రోజున ఈ పని అరగంటలో అవుతుంది.

చివరగా, ప్రతి సంస్థలోనూ ఒక పేజీ కాగితం తయారు చేయిస్తాను. తెరపై బెదిరింపు సందేశం కనిపించినా, ఫైళ్లు తెరుచుకోకపోయినా మొదట నెట్‌వర్క్ తీగ పీకి వైఫై ఆపాలని, బ్యాకప్ డిస్క్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఆ కంప్యూటర్‌కు తగిలించకూడదని, తెరను ఫోన్‌తో ఫొటో తీయాలని, ఏదీ చెరపకూడదని, డబ్బు తప్పు ఖాతాకు వెళ్లిందని తెలిస్తే మరో పని పెట్టుకోకుండా నిమిషాల్లో బ్యాంకుకు ఫోన్ చేయాలని అందులో ఉంటుంది. కింద బ్యాంకు, పోలీసు సైబర్ విభాగం, ఇంటర్నెట్ ఇచ్చేవారు, కంప్యూటర్లు చూసేవారు, యజమాని ఫోన్ నంబర్లు ఉంటాయి. ఆ కాగితాన్ని ప్రింటు తీసి గోడకు అంటించమంటాను, ఎందుకంటే దాని అవసరం పడిన రోజున కంప్యూటర్‌లో దాచిన ఫైలు తెరుచుకోదు.